యింటిపేరు తెచ్చిన తంటా

తెలుగు ఎమ్మే చదివి, ఇరవై యేళ్లుగా పిల్లలకు ఛందస్సు చెప్పుకుంటున్న వాడికి కంప్యూటరు ప్రోగ్రాములతో పనేమిటని మీకు అనిపించవచ్చు. పని నేను వెతుక్కోలేదు లెండి, అదే వచ్చింది. మా కాలేజీలో గణితం చెప్పిన మిత్రుడొకాయన, రెండేళ్లపాటు సెలవు రోజులన్నీ ధారపోసి, పద్యం యిస్తే గురులఘువులు లెక్కబెట్టి గణాలు విడదీసే ప్రోగ్రామొకటి సి భాషలో రాశారు. యతి దగ్గర మా యిద్దరికీ ఎన్ని సాయంత్రాలు వాదన జరిగిందో మా ఆవిడ కాచిన కాఫీలకే తెలుసు. 2021లో ఆయన పోయారు. మూలప్రతి ఎక్కడా దొరకలేదు. దొరికిందల్లా యంత్రభాషలోకి మారిపోయిన లైబ్రరీ ఫైలొకటీ, అందులోని 17 ఫంక్షన్ల పేర్లున్న హెడరు ఫైలొకటీ. ఆయన భార్య వాటిని పెన్‌డ్రైవులో వేసి మా అమ్మాయి చేతికిచ్చారు.

అమ్మాయి ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. దాని రాతంతా సి ప్లస్ ప్లస్‌లో. పద్యం టైపు చేస్తే తెర మీద గణాలు కనబడేట్టు పైభాగమంతా రాసింది. కంపైలరు వొప్పుకుంది. తీరా చివర లింకరు దగ్గర అడ్డం తిరిగింది. “అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్” అంటూ సరిగ్గా 17 ఫిర్యాదులు!

యీ లింకరు చేసే పని పెద్దదేం కాదు. కంపైలరు ఏ ఫైలుకా ఫైలును విడిగా యంత్రభాషలోకి మారుస్తుంది. బయటినుంచి రావలసిన ఫంక్షను వున్నచోట పేరు రాసి ఖాళీ వదిలేస్తుంది. ఆ పేరుగలవాణ్ణి వెతికి తెచ్చి ఖాళీ నింపడం లింకరు వంతు. దీన్ని మా సంధితో పోల్చాలని నాకూ సరదా పుట్టింది గాని, పొసగదు. మేన, అల్లుడు కలిసినప్పుడు వొక అచ్చు సర్దుకుని తప్పుకుంటుంది. యిక్కడ ఏ అక్షరమూ సర్దుకోదు.

“లైబ్రరీ చెడిపోయింది గాబోలు నాన్నా, మొత్తం మళ్లీ రాసుకోవాలి” అంది అమ్మాయి, బిక్కమొహంతో. మళ్లీ రాయడం దానికి కష్టం కాదు. కాని అప్పుడది ఆయన రాసింది కాదు. ఆదివారం ఆయన భార్యను రమ్మని పిలిచివున్నాం కూడాను.

ప్రూఫులు దిద్దే అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ ఫిర్యాదుల్లో ప్రతి పేరు పక్కనా కుండలీకరణం, లోపల ఏదో రాతా కనబడింది. “గణలెక్క అని వూరుకోక, దాని పక్కన బ్రాకెట్లేమిటి తల్లీ?” అన్నాను. అది వొక్క క్షణం ఆగి, “ఎన్ఎమ్” అనే పనిముట్టుతో రెండు ఫైళ్లనూ తెరిచింది. లైబ్రరీలో ఉత్త “గణలెక్క” అని వుంది. దీని ఫైలు అడుగుతున్నది మాత్రం వేరే అవతారం: ముందొక అడుగుగీత, జెడ్ అక్షరం, పేరులోని ఇంగ్లీషు అక్షరాల సంఖ్య 9, ఆ పైన పేరు, చివర పి, కె, సి. ఆ మూడక్షరాలకూ అర్థం, మార్చగూడని అక్షరాలను చూపే పాయింటరు అని.

సంగతేమిటంటే, సి ప్లస్ ప్లస్‌లో వొకే పేరుతో పదిమంది ఫంక్షన్లు వుండవచ్చు, పుచ్చుకునే సరుకు వేరయితే చాలు. వూళ్లో నలుగురు సుబ్బారావులుంటే యింటిపేరు చేర్చమూ? అలాగే కంపైలరు ప్రతి పేరుకూ గోత్రప్రవరలు తగిలిస్తుంది. డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో చేసిన సి భాషకు ఆ అవసరం లేదు; ముద్దుపేరే దాని పేరు. ముద్దుపేరుతో వున్నవాణ్ణి ప్రవర చెప్పి పిలిస్తే పలుకుతాడా?

మందు చిన్నదే. హెడరులో ఆ పేర్ల చుట్టూ “ఎక్స్‌టర్న్ సి” అని రాస్తే, వీళ్లను ముద్దుపేరుతోనే పిలవమని కంపైలరుకు తెలుస్తుంది. సి కంపైలరుకు ఆ మాట బోధపడదు గనుక, సి ప్లస్ ప్లస్ అయితేనే కనబడేట్టు “ఇఫ్‌డెఫ్” కాపలా పెట్టాలి. వొక ప్రమాదం మాత్రం వుంది. ముద్దుపేరులో సరుకు వివరం వుండదు కాబట్టి, హెడరులో పూర్ణాంకమనీ లోపల దశాంశమనీ వున్నా లింకరు గుడ్డిగా కలిపేస్తుంది. ఆ పైన వచ్చే లెక్క దేవుడికెరుక. అందుకని 17 ఫంక్షన్లనూ, గణాలు తెలిసిన పద్యాలిచ్చి నేనే పరీక్షించదలచుకున్నాను.

కాని మళ్లీ అవే 17 ఫిర్యాదులు! అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకయితే ధైర్యం వచ్చింది, ఈసారి బ్రాకెట్లు లేవు మరి. పేరు కుదిరింది, మనిషే రాలేదు. చూడగా, ఆజ్ఞ రాసిన వరసలో లైబ్రరీ పేరు ముందూ, దీని ఫైలు తర్వాతా వున్నాయి. లింకరు ఎడమనుంచి కుడికి నడుస్తుంది. లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఏది అడిగివున్నారో అదే తీసుకుంటుంది. పంక్తిలో ఎవరూ కూర్చోకముందే వడ్డించేవాడు వెళ్లిపోయాడన్న మాట. లైబ్రరీని చివరికి జరిపింది. ఫిర్యాదు వొక్కటి లేదు.

ఆదివారం ఆవిడ వచ్చారు. ఉత్పలమాల పాదమొకటి టైపు చేయించాం. భ ర న భ భ ర వ అని వరసగా తెర మీద పడింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. “వ అన్నది చివర వేరే రంగులో రావాలనేవారు, వేయలేదేం?” అన్నారు. అమ్మాయి అప్పటికప్పుడు కూర్చుని రంగు మార్చింది.

యీ సంగతి ఎలా పొక్కిందో గాని, మా భౌతికశాస్త్రం లెక్చరరు గారు తన పాత ఫోర్ట్రాన్ లెక్కలు పట్టుకొచ్చారు. అందులో పేర్లకు చివర అడుగుగీత తోకలా వస్తుందట. వచ్చే ఆదివారం ఆ పంచాయితీ.