మంజీర ఒడ్డు: మొసలికీ మనిషికీ ఒకటే నీరు

మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర బీదర్ పక్కగా తెలంగాణలోకి వస్తుంది. సంగారెడ్డి, మెదక్, కామారెడ్డి జిల్లాలు దాటి, బోధన్ పొలాలకు పడమటి హద్దుగా సాగి, 724 కిలోమీటర్ల నడక తర్వాత రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ ఒడ్డు గురించి ఎవరు చెప్పినా నిజాంసాగర్ కట్టతో మొదలుపెట్టి ఏడుపాయల జాతర, బోధన్ చక్కెర ఫ్యాక్టరీతో ముగిస్తారు. మొసలి మాట మాత్రం పత్రికల్లో ‘కలకలం’ అనే శీర్షిక కింద తప్ప కనపడదు. రక్షిత సరీసృపాల పక్కన బతకడమంటే సముద్రతీరం వాళ్ల వ్యవహారమని, శ్రీకాకుళం ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లదో, ఒడిశా భితర్‌కనికలోని ఉప్పునీటి మొసళ్లదో అని అనుకుంటాం. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మంజీర ఒడ్డు పల్లెలకూ అదే బతుకు ఉంది. ఇక్కడ మొసలికీ మనిషికీ పుట్టుకతో వచ్చిన పగ ఏదీ లేదు. ఇద్దరినీ ఒకే మడుగులోకి నెడుతున్నది నదిని మనం వాడుతున్న తీరు. ఆ తీరు మారకుండా మొసళ్లను ఎన్నిసార్లు పట్టుకెళ్లినా ఒడ్డుకు భద్రత రాదు.

చరిత్ర క్లుప్తంగా ఇది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాని నీటిని నమ్ముకుని బోధన్ చుట్టూ చెరుకు విస్తరించింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొంది, 2015 డిసెంబరులో మూతపడింది. ఈలోపు ఎగువన హైదరాబాద్ తాగునీటికి మంజీర బ్యారేజీ, ఆ తర్వాత దాదాపు 30 టీఎంసీల సింగూరు జలాశయం వచ్చాయి. పూడిక వల్ల నిజాంసాగర్ నిల్వ 29.7 టీఎంసీల నుంచి 17.8కి పడిపోయింది. మంజీర ఒడ్డున లేని నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి రైతుకూ ఈ లెక్కతో సంబంధం ఉంది. జిల్లా నాయకుడు అర్గుల్ రాజారాం పేరు పెట్టిన గుత్ప ఎత్తిపోతల, అలీసాగర్ ఎత్తిపోతల గోదావరి నీటిని తోడేది నిజాంసాగర్ చివరి ఆయకట్టును నిలబెట్టడానికే. అంటే కాలువ చివరికి రావలసిన మంజీర నీరు చాలడం లేదు. ఆ చాలని నీటిలోనే మొసలి కూడా బతకాలి.

ఒడ్డున పుట్టేది, ఒడ్డునే బతికేది

మంజీరలో ఉండేది మగ్గర్ జాతి మంచినీటి మొసలి. తోలు కోసం సాగిన వేట, చేపల వలలు, గుడ్ల దొంగతనం కలిసి 1970ల నాటికి దేశమంతటా ఈ జాతిని అంతరించే దశకు తెచ్చాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూల్లో చేర్చింది. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో కేంద్రం మొసళ్ల సంరక్షణ పథకం మొదలుపెట్టింది. గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను కొంత పెద్దయ్యేదాకా పెంచి నదుల్లో వదలడం ఆ పథకం పని. 1978లో సింగూరుకూ మంజీర బ్యారేజీకీ నడుమ ఉన్న నదీభాగం అభయారణ్యమైంది. అక్కడి తొమ్మిది చిన్న లంకల్లో కొంగలు గూళ్లు కడతాయి, చలికాలంలో వలస బాతులు దిగుతాయి. నిజానికి ఆ అభయారణ్యం ఏర్పాటు వెనక ఉన్న ముఖ్యమైన ఆలోచన మొసలిదే. హైదరాబాద్ కుళాయికి నీరిచ్చే చోటే మొసలికి నీడ దొరకడం యాదృచ్ఛికం కాదు. తాగునీటి కోసం కాపాడిన చోట ఇసుక లారీ తిరగలేదు, లోతు మిగిలింది.

అభయారణ్యం హద్దు మ్యాపు మీది గీత. మొసలికి హద్దు నీరే. వరదకు కొట్టుకొచ్చిన పిల్లలు దిగువ మడుగులకు, వాగులకు, ఊరి చెరువులకు చేరతాయి. చెరువు ఎండితే మగ్గర్ రాత్రిపూట నేల మీద నడిచి ఇంకో నీటిచోటు వెతుక్కుంటుంది, దొరక్కపోతే ఒడ్డులో బొరియ తవ్వుకుని అందులో తలదాచుకుంటుంది. మనకు పొలంగట్టు మీద, రోడ్డు మీద మొసలి కనిపించేది ఈ ప్రయాణాల్లోనే. అప్పుడు జనం మొసలి ఊరి మీద పడిందంటారు. నిజానికి దాని నీరు ఇంకిపోయింది.

దాని ఏడాదిని, మన ఏడాదిని పక్కపక్కన పెట్టి చూస్తే గొడవ ఎక్కడుందో తెలుస్తుంది. ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల నడుమ ఆడ మొసలి నీటికి కాస్త ఎత్తున, మెత్తని ఇసుకగట్టు చూసుకుని, వెనక కాళ్లతో కుండ ఆకారంలో గుంత తోడుతుంది. అందులో పాతిక, ముప్పై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మీద తన బరువుతో అదిమి, దగ్గరి నీటిలోనే కాపలా ఉంటుంది. గుంతలోని వేడిని బట్టి పుట్టేది ఆడో మగో తేలుతుంది. రెండు నెలలకు అటూ ఇటూగా లోపలి పిల్లలు కీచుమంటాయి. ఆ చప్పుడు విని తల్లి ఇసుక తవ్వుతుంది. ఎద్దు కాలిని పట్టి లాగగల అదే దవడలతో పిల్లలను నలగకుండా పట్టి నీళ్లలోకి చేరుస్తుంది. తొలకరికి ముందూ వెనకా చేపపిల్లలు, కప్పలు, పురుగులు సమృద్ధిగా దొరికే వేళకు అవి నీళ్లలో ఉంటాయి. తల్లి మనిషిపై తిరగబడే ప్రమాదం ఎక్కువగా ఉండేది గుడ్లు, పిల్లలు దగ్గరున్న ఈ నెలల్లోనే.

సరిగ్గా ఆ నెలల్లోనే మనమూ నదిలోకి దిగుతాం. యాసంగి వరి చివరి తడులకు నీరు చాలక, ఒడ్డు రైతు మోటారు పైపును ఒక్కో మెట్టూ కిందికి జరుపుకుంటూ మిగిలిన మడుగు దాకా తెస్తాడు. ఫుట్‌వాల్వుకు నాచు పట్టినప్పుడల్లా నడుం లోతు నీళ్లలోకి దిగి చేత్తో తీయాల్సిందే. కరెంటు రాత్రి వస్తే రాత్రే దిగాలి. బర్రెలకూ ఆ మడుగే, బట్టలకూ ఆ మడుగే, థర్మకోల్ తెప్ప మీద కాళ్లు వేలాడేసి వల వేసే గంగపుత్రులకూ ముదిరాజులకూ ఆ మడుగే. నది ఏడు పాయలుగా చీలే చోట శివరాత్రికి వనదుర్గమ్మ జాతర. లక్షల మంది స్నానాలకు సింగూరు నుంచి నీళ్లు వదులుతారు. భక్తులకు అవి కావలసిందే. కానీ ముందుచూపు లేకుండా ఒక్కసారిగా పెరిగిన నీరు దిగువ ఇసుకగట్టు మీది గుడ్లను ముంచగలదు. బీర్కూర్, కోటగిరి, పోతంగల్ వైపు ఇసుక తవ్వకాలూ ఎండకాలంలోనే జోరందుకుంటాయి. ఇసుక పోతే మొసలికి గుడ్లు పెట్టే గట్టు పోతుంది, రైతుకు బోరులోకి ఊరే నీరు పోతుంది. తవ్విన గుంతలు తొలకరికి ఊరి పిల్లలను ముంచే సుడులవుతాయి. ఇందులో మొసలి చేసిన తప్పేమిటో, ఒడ్డు మనిషి చేసిన తప్పేమిటో వేలెత్తి చూపలేం. ఇద్దరికీ కలిపి మిగిలింది ఒక్క మడుగు. 2016 ఎండకాలంలో సింగూరు, మంజీర ఎండి హైదరాబాద్‌కే సరఫరా ఆగినప్పుడు ఆ ఇరుకు రాజధానికీ తెలిసివచ్చింది.

ఎదురయ్యే ప్రశ్నలు

మనిషి ప్రాణం కన్నా జంతువు ప్రాణం ఎక్కువా అన్నది మొదటి ప్రశ్న. ఎక్కువ కాదు, చట్టమూ అలా అనలేదు. మొదటి షెడ్యూల్ జంతువును చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు నిజమే. కానీ తన ప్రాణమో పక్కవాడి ప్రాణమో కాపాడుకోవడానికి సదుద్దేశంతో చేసినది నేరం కాదని అదే చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. మనుషులకు ప్రమాదకరంగా మారిన జంతువును పట్టించే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ఇచ్చింది. ఒడ్డు పల్లెల్లో జైలు మాటే తెలిసింది, ఈ రక్షణ మాట తెలియలేదు. ఆ లోపం జంతువుది కాదు, చెప్పాల్సిన యంత్రాంగానిది.

మొసళ్లు అంతరించాక పెంచి వదిలినవి కదా, ప్రభుత్వం తెచ్చిపెట్టిన ముప్పును ప్రభుత్వమే తీసుకుపోవాలన్నది రెండో వాదన. గజేంద్ర మోక్షం విని పెరిగిన నేలలో మొసలిని పరాయిదనడం కుదరదు. ఈ నదుల్లో అది ఆనకట్టల కన్నా ఎంతో ముందుది. వదలడం వల్ల జరిగింది కొత్త జంతువు రావడం కాదు, మనం పోగొట్టినది తిరిగి రావడం. ఇక తీసుకుపోవడం సంగతి. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో ఉప్పునీటి మొసళ్లకు ఉపగ్రహ పరికరాలు కట్టి దూరంగా వదిలితే అవి తమ చోటికి తిరిగి వచ్చేశాయి. వాటిలో ఒకటి కేప్ యార్క్ చుట్టూ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా మూడు వారాల లోపే ఈదిందని 2007లో ప్రచురించారు. మగ్గర్‌ది వేరే జాతి కాబట్టి అంత దూరం రాకపోవచ్చు. కానీ ఒక పెద్ద మొసలిని తీస్తే ఖాళీ అయిన మంచి మడుగులోకి ఇంకోటి వస్తుంది. పాతది ఎక్కడుంటుందో ఊరికి తెలుసు, కొత్తది ఎక్కడుంటుందో తెలియదు. తరలింపు ఒక ప్రమాదకరమైన మొసలికి మందు కావచ్చు, నదికి కాదు.

గుజరాత్ చరోతర్ ప్రాంతంలో ఊరి చెరువుల్లో మగ్గర్లతో జనం కలిసి బతకడాన్ని ఉదాహరణగా చెబితే, అక్కడ మొసలి ఖోడియార్ మాత వాహనం, ఆ భక్తి మనకు లేదంటారు. భక్తి ఓర్పునిస్తుంది, నిజమే. అయితే ఓర్పు ఒక్కటే చాలదని అదే రాష్ట్రంలోని వడోదర చూపిస్తుంది. నగరం నడుమ పారే విశ్వామిత్రిలో మగ్గర్లున్నాయి. 2024 వరదల్లో అవి వీధుల్లోకి, ఇళ్లలోకి వస్తే శిక్షణ ఉన్న స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు, అటవీ సిబ్బంది పట్టి కాపాడారు. శ్రీలంకలో నది రేవుల్లో నీళ్లలో కంచె కట్టి, ఆ కంచెలోనే స్నానం చేసే ఏర్పాటు ఉంది. భితర్‌కనిక పల్లెల్లోనూ అటవీశాఖ రేవులకు కంచెలు వేసింది. వీటికి కావలసింది దేవత కాదు, పంచాయతీ తీర్మానం, కొంత ఇనుము, కొంత పని.

చేపల వాళ్ల అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. వల చిరిగితే ఆ వారం తిండి పోతుంది. మొసలి రోగిష్టి చేపలను, కళేబరాలను తిని నీటికి మేలు చేస్తుందని చెబితే చిరిగిన వల అతుక్కోదు. జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడానికి డబ్బు వెచ్చించిన ప్రభుత్వం, ఆ చేపలను పట్టే వలకు నష్టపరిహారం లెక్కలో చేర్చకపోవడం అన్యాయం. జాతీయ ఆస్తి అని మనం కాపాడుకునే జంతువు ఖర్చును ఊళ్లో అందరికన్నా పేదవాడి మీద వేయకూడదు. సంరక్షణను సమర్థించేవాళ్లు ముందుగా ఒప్పుకోవలసిన మాట ఇది.

చేయదగినవి

పనులు పెద్దవేం కావు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా గుడ్లు పెట్టే గట్ల దగ్గర ఇసుక తవ్వకం పూర్తిగా ఆపాలి. జాతర నీటిని ఒక్కసారిగా కాక మెల్లగా పెంచాలి. ఎండకాలంలో కొన్ని లోతైన మడుగుల్లో మోటార్లు పెట్టకుండా కనీస నీరు వదిలేయాలి. రైతు నీళ్లలోకి దిగకుండా పైపును ఒడ్డుకు లాగి నాచు తీసే గట్టి అరుగు, బర్రెలకూ మనుషులకూ వేరువేరు కంచె రేవులు కట్టాలి. కోళ్ల వ్యర్థాలు ఒడ్డున పారబోయడం ఆపాలి, ఆ వాసనే మొసలిని రేవుకు మరిగించేది. మొసళ్ల జాడ అందరికన్నా బాగా తెలిసిన చేపల వాళ్లనే జీతమిచ్చి కాపలాదారులుగా పెట్టుకోవాలి.

చూడవచ్చేవాళ్లకు

అభయారణ్యం సంగారెడ్డికి దగ్గర. మొసళ్లు ఎండ కాగే చలికాలం పొద్దుటిపూట మేలు. కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలిసేచోట అవతలి ఒడ్డు మహారాష్ట్ర. బోధన్ అక్కడికి దగ్గరే.

అంత దూరం వచ్చి మొసలి కనపడలేదని నిరాశపడనక్కర్లేదు. ఎండకాలంలో మడుగు మిగిలిందా, ఇసుకగట్టు మిగిలిందా అని చూస్తే చాలు. అవి ఉన్న ఏడాది మొసలి ఊరి వైపు రావాల్సిన పని ఉండదు, కాలువ చివరి రైతుకూ ఆశ ఉంటుంది. లేని ఏడాది అటవీశాఖ ఎన్ని వలలు తెచ్చినా ఇద్దరికీ దక్కేది ఏమీ ఉండదు.