మైనస్ ముప్ఫైలో ఒక రెగ్యులేటరు

సస్కటూన్ నుంచి రెజైనాకి 11వ నంబరు హైవే మీద దాదాపు 260 కిలోమీటర్లు. ఆ దారికి లూయీ రియెల్ ట్రెయిల్ అని పేరు. మేటీ ప్రజల హక్కుల కోసం పోరాడి, 1885లో రెజైనాలో ఉరికంబం ఎక్కిన నాయకుడాయన. వేసవిలో ఈ దారి ఎంతో హాయి. రెండువైపులా కనోలా చేలు పసుపు ఆరబోసినట్టుంటాయి. జనవరిలో గాలి లేచిందంటే మాత్రం రోడ్డేదో పొలమేదో తెలియదు. సగం దారిలో డేవిడ్సన్ అనే చిన్న ఊరు వచ్చేదాకా ఆగడానికి పెద్దగా చోటుండదు.

ఇక్కడి కార్ల ముందు ఒక కరెంటు ప్లగ్గు వేలాడుతూంటుంది. కొత్తగా వచ్చిన మనవాళ్ళు "ఇవన్నీ ఎలక్ట్రిక్ కార్లా?" అని అడుగుతారు. కాదు, అది రాత్రిపూట ఇంజనును వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ వైరు. ఇంజను గురించి, టైర్ల గురించి అందరూ జాగ్రత్తలు చెబుతారు. లోపల వేడిగాలి ఊదే ఫ్యాన్ ఊసు ఎవరూ ఎత్తరు.

సంక్రాంతికి రెజైనాలో బంధువుల ఇంటికి బయలుదేరాల్సిన వారంలోనే మా ఫ్యాన్ 1, 2, 3 స్పీడుల్లో తిరగడం మానేసింది. 4లో పెడితే మాత్రం హోరుమంటోంది. కారులో ఐదుగురం. మైనస్ ముప్ఫైలో ఐదుగురి ఊపిరీ అద్దానికి లోపలివైపున గడ్డకడుతుంది. ఆ నాలుగో స్పీడు కూడా దారిలో ఆగిపోతే నిమిషాల్లో ముందు దారి కనపడదు. వర్క్‌షాప్‌లో అడిగితే పది రోజుల తర్వాత రమ్మన్నారు.

మా మామగారు తెనాలిలో ముప్ఫై ఏళ్ళు మోటార్ వైండింగ్ షాపు నడిపారు. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ కిటికీ పక్కన కూర్చుని మంచు చూడటమే ఆయన పని. సంగతి వినగానే లేచొచ్చారు. "పై స్పీడులో తిరుగుతోందంటే మోటారు బాగానే ఉంది అల్లుడుగారూ. రెగ్యులేటరు పోయుంటుంది" అన్నారు.

పాత ఇళ్ళలో సీలింగ్ ఫ్యాన్‌కి డబ్బాలాంటి రెగ్యులేటరు ఉండేది, గుర్తుందా? చెయ్యి పెడితే వేడిగా తగిలేది. కారులో ఉన్నదీ అలాంటిదే, పేరు రెసిస్టర్. తక్కువ స్పీడుల్లో కరెంటు దానిలోని తీగ చుట్టల గుండా వెళ్ళి బలం తగ్గించుకుంటుంది. పై స్పీడులో ఆ చుట్టలతో పనిలేకుండా నేరుగా మోటారుకి చేరుతుంది. తీగలు వేడెక్కుతాయి కాబట్టి దాన్ని గాలి గొట్టంలోనే బిగిస్తారు. ఫ్యాన్ గాలే దాన్ని చల్లబరుస్తుంది. ఫిల్టరు మూసుకుపోయి గాలి తగ్గితే అది కాలిపోతుంది.

మా మోడలుకి సరిపోయే రెసిస్టర్ స్పేర్ పార్టుల షాపులో దొరికింది. చలికి ప్లాస్టిక్ పెళుసుబారి విరుగుతుందని, స్నేహితుడి అపార్ట్‌మెంట్ కింద వెచ్చగా ఉండే పార్కింగ్‌లో పని మొదలుపెట్టాం. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, గ్లవ్ బాక్స్ విప్పితే దాని వెనకే ఉంది, రెండు స్క్రూలతో. ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్ళే పసుపు ప్లగ్గుల జోలికి మాత్రం పోలేదు. మామగారు ముందు రెసిస్టర్‌ని కాదు, దాని ప్లగ్గుని టార్చి వేసి చూశారు. "ఇది కరిగుంటే కొత్తది పెట్టినా మళ్ళీ పోతుంది" అన్నారు. అదృష్టవశాత్తూ బాగానే ఉంది. ఫిల్టరు తీస్తే వేసవిలో రాలిన పాప్లర్ చెట్ల దూది దట్టంగా పేరుకుని ఉంది. అదీ మార్చాం. మొత్తం ముప్పావు గంట. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న చాలా కార్లలో దీని బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. కొనేముందు చూసుకోండి.

చలికాలం ప్రయాణానికి ఇంకో మూడు మాటలు. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే జాలీ మీద మంచు పూర్తిగా దులపండి. బూట్ల మంచు బయటే విదిలించి ఎక్కండి. రీసర్క్యులేషన్ బటన్ ఆపేయండి, బయటి పొడిగాలి వస్తేనే అద్దం తేటపడుతుంది.

భోగి ముందు రోజు బయలుదేరాం. ఫ్యాన్ రెండో స్పీడులో మెల్లగా తిరుగుతుంటే, మామగారు డేవిడ్సన్ దాకా పిల్లలకి వైండింగ్ పాఠం చెబుతూనే ఉన్నారు. ఆ కాలిపోయిన ముక్కని ఆయన పారేయనివ్వలేదు. తెనాలి తీసుకెళ్ళి షాపులో కుర్రాళ్ళకి చూపిస్తారట.