బడిపంతులు రహీముగారు

మా పెద్దాపురపు పాఠశాల బాలురు సాయంకాలమున వట్టికాళ్లతో బంతి తన్నుచుండఁగా, హైదరాబాదు వాసులగు సయ్యద్ అబ్దుల్ రహీముగారు మాకు జ్ఞప్తికి వత్తురు. వారును మావలెనే బడిపంతులు. వారు తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. దేశపు జట్టునకును వారే శిక్షకులైరి.

1952లో హెల్సింకి నగరమున మనవారు, పెక్కుమంది వట్టికాళ్లతోనే ఆడి, యుగోస్లావియాచేతిలో 10-1గా ఓడిరి. అంతటి పరాభవమునకు వేఱొకరైనచో బంతి ముట్టకుందురు. రహీముగారు మఱల మొదటి పాఠమునుండి నేర్పిరి. 1956లో మెల్బోర్నునందు ఆస్ట్రేలియాను 4-2గా ఓడించి, మన జట్టు నాలుగవ స్థానమందెను.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాఁటికి వారికి క్యాన్సరు సోకియుండెను. వెనుక నిలిచి కాచు జర్నైల్ సింగునకు తలకు గాయమై కుట్లు పడినవి. అట్టివానిని మేమైతే ఇంటికి పంపియుందుము. నేఁటికిని పంపుదుమనియే తలంతుము. రహీముగారు ముందువరుసలో నిలిపిరి. తుదిపోటీలో దక్షిణకొరియాపై గెలిచిన 2-1లో ఒక గోలు అతనిదే. బంగారు పతకము వచ్చెను.

మఱుసటియేఁడు జూను నెలలో రహీముగారు కన్నుమూసిరి.