పడవలో పన్నెండు వోల్టులు

1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో హత్యతో హోప్ టౌన్ చరిత్రకెక్కింది. సెలవు దినాలలో ఇక్కడ గాలం వేసే మాకు మాత్రం ఈ తీరం బ్యాటరీల పాఠం నేర్పిన బడి.

చేపల జాడ చూపే మా ఫిష్ ఫైండరుకు 12 వోల్టులు కావాలి. 6 వోల్టుల బ్యాటరీలు రెండుంటే, ఒకదాని ధనధ్రువాన్ని రెండవదాని ఋణధ్రువానికి కలుపుతాము; వోల్టులు కూడుతాయి. ఒకే రకపు, సమానంగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీలు రెండుంటే, ధనానికి ధనం, ఋణానికి ఋణం కలుపుతాము. వోల్టులు మారవు, పనిచేసే గంటలు దాదాపు రెట్టింపవుతాయి. ఈ భేదం మరచిన చోట 24 వోల్టులు యంత్రాన్ని కాల్చివేయగలవు.

బ్యాటరీ చెంతనే ధనతీగకు ఫ్యూజు తప్పనిసరి. చుట్టూ సముద్రమున్నా, పడవలో పుట్టిన నిప్పు నుండి తప్పించుకొనే దారి ఉండదు. గాలం ఖాళీగా వచ్చినా చింత లేదు; వెళ్ళినవారందరూ క్షేమంగా ఇల్లు చేరవలెను.