దిగువ తిరుపతిలో కాలినడక

తిరుపతికి వచ్చేవాళ్ళలో తిరుపతిని చూసేవాళ్ళు తక్కువ. రైలు దిగుతారు, బస్సెక్కుతారు, కొండ మీద గంటల తరబడి క్యూలో నిలబడి స్వామిని కంటినిండా చూసీ చూడకముందే బయటికొస్తారు, లడ్డు సంచి పట్టుకుని మళ్ళీ బస్సు దిగి రైలెక్కుతారు. రోజూ అరవై డెబ్బై వేల మంది ఎక్కి దిగే దారిలో మా ఊరు ఒక మజిలీగా మిగిలిపోయింది. నాకు ఈ విషయంలో చాలా కాలంగా బాధ ఉంది. ఎందుకంటే ఇది నడక కోసమే పుట్టిన ఊరు. ఊరి సంగతులు తెలిసినవాళ్ళు ఒకరు పక్కనుండి, ఆగాల్సిన చోట ఆపి, తలెత్తాల్సిన చోట తలెత్తమని చెబుతూ నడిపిస్తే ఒక్క పూటలో తొమ్మిది వందల ఏళ్ళు కళ్ళముందుకొస్తాయి.

జపాన్‌లోని క్యోటో గురించి చదివినప్పుడల్లా ఈ బాధ ఇంకాస్త పెరుగుతుంది. 794 నుంచి వెయ్యేళ్ళకు పైగా రాజధానిగా వెలిగిన నగరం అది. అక్కడి హిగాషియామా ప్రాంతంలో కొండవాలున కియోమిజు బౌద్ధాలయం ఉంది. గైడు చిన్న జెండా పట్టుకుని ముందు నడుస్తుంటే, యాత్రికులు అక్కడి నుంచి రాళ్ళు పరిచిన వాలు వీధుల్లో దిగుతూ యసాకా షింటో మందిరం దాకా పోతారు. బౌద్ధాలయంలో చేతులు జోడించి మౌనంగా నిలబడాలి. షింటో మందిరంలో రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, చివర మళ్ళీ వంగాలి. ఇవన్నీ గైడే నేర్పుతాడు. ఏ దేశం నుంచి వచ్చినవాళ్ళయినా ఆ పూటకు ఆ ఊరి మర్యాద తెలిసినవాళ్ళవుతారు. మన దగ్గర ఆ పని చేసేవాళ్ళేరీ?

అందుకే మా ఇంటికి చుట్టాలొస్తే, దర్శనం టికెట్టు ఏ రోజుకున్నా సరే, ఒక పొద్దుటిపూట నాకోసం అట్టిపెట్టమంటాను. తెల్లవారకముందే రైల్వేస్టేషన్ దగ్గర మొదలుపెడతాం. అక్కడికి గోవిందరాజస్వామి గుడి కూతవేటు దూరం. ఏడంతస్తుల రాజగోపురం కింద అందరినీ ఆపుతాను. లోపలికి పోయే తొందరలో అక్కడ ఆగేవాళ్ళుండరు. కానీ ఆ దారికి రెండు పక్కలా గోడల్లో రామాయణ ఘట్టాలున్నాయి, గోపురం కట్టించిన మట్లి అనంతరాజూ ఆయన ముగ్గురు రాణులూ ఉన్నారు. సిద్ధవటం నుంచి ఏలిన మట్లి ప్రభువులు కడప నేల వాళ్ళు. 17వ శతాబ్దం తొలినాళ్ళలో, విజయనగరం వెలుగు తగ్గిపోతున్న రోజుల్లో, ఇంత ఎత్తు గోపురం లేపారు. కియోమిజు ఆలయంలో ఇప్పుడున్న పెద్ద మంటపం కూడా 1633 నాటిదే. ఒకరి ఊసు ఒకరికి తెలియని రెండు దేశాల్లో, ఇంచుమించు ఒకే కాలంలో, ఒకచోట కొయ్యతోనూ ఒకచోట రాతితోనూ మనుషులు ఇదే పనిలో ఉన్నారన్న ఊహ నాకు చాలా ఇష్టం.

లోపల గోవిందరాజస్వామి కన్నా ముందు నుంచీ ఉన్న దేవుడు పార్థసారథి. గుడిలో కొన్ని కట్టడాలు 9, 10 శతాబ్దాల నాటివి. చిదంబరం నుంచి చోళరాజు వెళ్ళగొట్టిన గోవిందరాజును రామానుజాచార్యులు ఇక్కడ ప్రతిష్ఠించారని సంప్రదాయం చెబుతుంది. ఆ ఏడు 1130 అంటారు. కపిలతీర్థం దగ్గరున్న కొత్తూరు అనే పల్లె కదిలి వచ్చి ఈ గుడి చుట్టూ కుదురుకుంది. అదే పెరిగి తిరుపతి అయింది. ఈ మధ్య ఫిబ్రవరి 24ను ఊరి పుట్టినరోజుగా జరుపుతున్నారు. గుడి చుట్టూ మాడవీధులు వేసింది బండ్ల కోసం కాదు, స్వామి ఊరేగడానికి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలొస్తే గోవిందరాజు పూటకో వాహనం మీద ఆ నాలుగు వీధులూ తిరిగి వస్తాడు. ఊరు చూపించే నడక కొత్తగా ఎవరూ కనిపెట్టాల్సిన పని లేదు, స్వామే తొమ్మిది వందల ఏళ్ళుగా నడుస్తున్నాడని చుట్టాలకు చెబుతాను.

గర్భగుడిలో గోవిందరాజు పవళించి ఉంటాడు, కుడిచేయి తలకింద పెట్టుకుని. ఆ తలకింద కుంచం ఉందని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. తమ్ముడు వెంకటేశ్వరుడు పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. వడ్డీ కట్టడానికి వచ్చిన కానుకలను అన్న కొలిచాడు, కొలిచాడు, అలసిపోయి కుంచమే తలగడ చేసుకుని పడుకున్నాడు. ఈ కథ విని అందరూ నవ్వి ముందుకు కదులుతారు. నేను కదలనివ్వను. ఎందుకంటే కొండ మీదా కొండ కిందా గుళ్ళ గోడల నిండా ఉన్నది కొలతలే.

తిరుమల, తిరుపతి, తిరుచానూరు గుళ్ళలో వెయ్యికి పైగా శాసనాలు దొరికాయి. ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆ గోడలనే పుస్తకాలుగా చదివారు. దేవస్థానం వాటిని 1931 నుంచి 1938 వరకు సంపుటాలుగా అచ్చువేసింది. అన్నమయ్య రాగిరేకులను లోకం ముందుకు తెచ్చినవాళ్ళలో కూడా ఆయన ఒకరు. ఆ సంపుటాలు తిరగేస్తే రాజుల పొగడ్తల కన్నా బియ్యం, నెయ్యి, పెసరపప్పు, బెల్లం, మిరియాలు, వక్కలు, తమలపాకులే ఎక్కువ కనిపిస్తాయి. ఎవరు ఎంత ధనమిచ్చారు, ఆ ధనానికి రోజూ ఎన్ని కొలతల నైవేద్యం జరగాలి, ప్రసాదంలో దాతకు ఎంత భాగం రావాలి, అన్నీ లెక్కగా రాసుంటాయి. నాలుగో వంతు దాతకు పోవడం ఆనవాయితీ.

ఇంకొక సంగతి నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. 15, 16 శతాబ్దాల్లో భక్తులిచ్చిన ధనం హుండీలో పడి ఊరుకోలేదు. గుడికి చెందిన పల్లెల్లో చెరువులకు, కాలవలకు ఆ డబ్బు పెట్టేవాళ్ళు. నీళ్ళు పారి పంట పెరిగితే, ఆ పెరిగిన పంటలోంచి దాత కోరిన నైవేద్యం నడిచేది. అంటే ఎక్కడో ఉన్న రాణిగారు వేయించిన పొంగలి వెనక మా రాయలసీమ చేలో ఒక కాలవ ఉంది. వాన కోసం మొగం ఎత్తి చూసే ఈ నేలలో దేవుడికి ఇచ్చిన రూపాయి నీరై పారిందంటే అంతకన్నా ఏం కావాలి? సాళువ నరసింహుడి కాలంలో కందాడై రామానుజయ్యంగారి చేతుల మీదుగా నడిచిన రామానుజకూటాలు యాత్రికులకు అన్నం పెట్టాయి. ఇవేవీ తెలియకుండా కుంచం కథ వింటే అది పిట్టకథ. తెలిసి వింటే ఆ పడుకున్న దేవుడి అలసట నిజమైనదే అనిపిస్తుంది.

గుడి బయటికొచ్చి గాంధీరోడ్డు పడితే ఇత్తడి సామాన్లు, కొయ్యబొమ్మలు, పసుపు కుంకుమల దుకాణాలు. ఇక్కడ ఎంతసేపైనా తిరగొచ్చు గానీ ఎండెక్కకముందే కోదండరామస్వామి గుడికి చేరాలి. 15వ శతాబ్దం చివర నరసింహ ముదలియార్ అనే ఆయన కట్టించిన గుడి. లంక నుంచి తిరిగొస్తూ రాముడు ఇక్కడ ఆగాడని స్థలపురాణం. గుడికెదురుగా స్వామినే చూస్తూ ఆంజనేయుడు. ఊరి నడిమధ్యనే ఉన్నా, ఎప్పుడు పోయినా ప్రశాంతంగా కాసేపు కూర్చోవచ్చు. అంతకు మించి వివరాలు చెప్పి ఆ ప్రశాంతతను చెడగొట్టను.

అక్కడి నుంచి తాతయ్యగుంట గంగమ్మ దగ్గరికి. వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ కాస్త తటపటాయిస్తారు, 'గ్రామదేవత కదా, చూడాల్సినంత ఉందా' అన్నట్టు. మా ఊరివాళ్ళకు ఆమె గోవిందుడి చెల్లెలు. జాతరకు కొండ మీది నుంచి అన్నగారి సారె వస్తుంది. "కొండకు పొయ్యే ముందు తల్లికి ఒక మాట చెప్పి పోవల్ల సామీ," అని గుడి ముందు పూలమ్మే అవ్వ ఒకామె మా చుట్టాలతో అంది. నేను అరగంట చెప్పినా అంత బాగా చెప్పలేను.

ఎండాకాలంలో, మే నెలలో, అవిలాల నుంచి సారె వచ్చి చాటింపు పడితే జాతర మొదలవుతుంది. వారం రోజులు ఊరంతా వేషాలే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం మార్చిందట. దొర వేషంలో వచ్చినప్పుడు వాడు దాక్కున్న చోటు నుంచి బయటికొచ్చాడు, తల తెగింది. మర్నాడు అదే తల్లి మాతంగిగా పోయి వాడి భార్యను ఓదార్చింది. శత్రువును చంపిన దేవతలు చాలామంది ఉన్నారు. వాడి పెళ్ళాం కన్నీళ్ళు తుడవడానికి తిరిగి వెళ్ళిన దేవత నాకు తెలిసి ఈమె ఒక్కతే. ఆ రోజుల్లో మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. ఎవరూ వింతగా చూడరు. అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఇక్కడ ఉండి ఈ జాతరను చూసి, 2013లో దీని మీదే ఒక పుస్తకం వెలువరించారు. జాతర చివరి రాత్రి మట్టితో తల్లి విశ్వరూపం చేస్తారు. చెంప నరికాక ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. రోగాలు పోతాయని ఇంటికి తీసుకుపోయి దాచుకుంటారు.

క్యోటోలో యసాకా మందిరానికీ ఇలాంటి పండగే ఉంది. 869లో దేశమంతా అంటురోగాలు వ్యాపిస్తే, వాటిని శాంతింపజేయడానికి మొదలైన గియోన్ ఉత్సవం అది. ఇప్పటికీ ఏటా జులైలో పెద్ద పెద్ద రథాలు ఊరేగుతాయి. ఎండలు ముదిరి రోగాలు ముసిరే కాలంలో దేవతను వీధిలోకి తెచ్చుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే. అక్కడ 1868లో కొత్త ప్రభుత్వం బుద్ధుణ్ణీ షింటో దేవతలనూ వేరుచేస్తూ ఆజ్ఞ ఇచ్చింది. అంతకుముందు వందల ఏళ్ళుగా ఒకే ఆవరణలో ఉన్నవాళ్ళు విడిపోయారు. మా ఊరికి అటువంటి ఆజ్ఞ రాలేదు. శనివారం గోవిందరాజుకు తులసిమాల, మంగళవారం గంగమ్మకు పొంగలి, కార్తీక సోమవారం కపిలతీర్థంలో దీపం. ఈ మూడూ ఒకే ఇంటి ఆడవాళ్ళ చేతుల మీదుగా జరుగుతాయి.

కపిలతీర్థం నడకలో చివరిది. కొంచెం దూరమే, మధ్యలో ఆటో ఎక్కుదామని చుట్టాలు గొణుగుతారు. ఎక్కనివ్వను. కాలిబాట లేని చోట్ల, బండ్ల మధ్య ఒదిగి ఒదిగి నడవాల్సి రావడం నిజమే. యాత్రికుల ఊరిలో యాత్రికుడు నడవడానికి జాగా లేకపోవడం నాకు మనసుకు పట్టని విషయం. అయినా ఆ రోడ్డు మీద ఒక్కో అడుగుకూ కొండ దగ్గరవుతుంది. చివర కొండ అంచు నుంచి కోనేట్లోకి దూకే నీళ్ళు కనిపిస్తాయి. వానలు బాగా పడిన కార్తీకంలో ఆ జలపాతం హోరు బయటికే వినిపిస్తుంది. శైవులకు కపిలతీర్థం, వైష్ణవులకు ఆళ్వారుతీర్థం. కోనేటి చుట్టూ రాతిమెట్లు, సంధ్యావందనం చేసుకునే మంటపాలు అచ్యుతదేవరాయలు కట్టించాడు. ఏటా కార్తీకపౌర్ణమి నాడు మూడు లోకాల తీర్థాలూ ఇక్కడ కలుస్తాయని నమ్మకం. కియోమిజు గుడి కింద కూడా కొండ నుంచి దిగే నీళ్ళు మూడు ధారలై పడతాయి, జనం వరసకట్టి తాగుతారు.

ఓపిక ఉన్నవాళ్ళు ఇక్కడి నుంచి అలిపిరికి పోయి, పాదాల మంటపంలో మొక్కి, 3,550 మెట్లు మొదలుపెట్టొచ్చు. అది వేరే నడక, దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. దిగువ ఊరి గురించి చెప్పేవాళ్ళే కావాలి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఈ ఊళ్ళోనే ఉంది, చరిత్ర చదివిన పిల్లలు ఏటా బయటికొస్తున్నారు. వాళ్ళకు ఈ దారి అప్పగించాలి. తెలుగులో, మన మాటలో చెప్పించాలి. పాత తమిళ లిపి చదవగలిగే ఒకరినీ, జాతరలో మాతంగి వేషం కట్టిన ఒకరినీ ఒకే నడకకు జతగా పంపాలి. గోడ మీది రాత ఒకరు చదవాలి, వీధిలో జరిగింది ఇంకొకరు చెప్పాలి. ఆదివారం పొద్దున ఆరింటికి రాజగోపురం కింద పదిమంది కలిసినా చాలు, మొదలుపెట్టొచ్చు.