మా ఇంటి పనివేళలు

అడక్కుండా వచ్చి ఇల్లు సర్దిపెట్టే చుట్టాలంటే నాకు చచ్చేంత భయం. వాళ్ళ మనసు మంచిదే, కాదనను. కానీ వాళ్ళు వెళ్ళిపోయిన వారం దాకా జీలకర్ర డబ్బా దొరకదు. మా ఇంట్లో కంప్యూటరు కూడా అచ్చం ఆ బాపతే. వుండుండి తనను తాను సర్దుకుంటూ వుంటుంది. ఆ సర్దుడుకి అప్‌డేట్ అని పేరు. ఎవర్నీ అడగదు. తెరమీద ఓ సున్నా తిప్పుకుంటూ, "పని జరుగుతోంది, ఆపకండి" అంటూ కూర్చుంటుంది.

"వద్దని ఆపేస్తే సరిపోయె!" అంటారు మా ఆయన. ఇంట్లో ఏ జబ్బుకైనా ఆయన దగ్గరున్న మందు అదొక్కటే. అందులోనూ 2024 జూలై 19 నాటి సంగతి పేపర్లో చదివిన దగ్గర్నుంచీ ఆ మాట మరీ ఎక్కువైంది. ఆ రోజున క్రౌడ్‌స్ట్రైక్ అనే కాపలా సాఫ్టువేరుకి వచ్చిన ఒకే ఒక్క చెడ్డ అప్‌డేట్ వల్ల ప్రపంచం మొత్తంమీద దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడకేశాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో కూడా బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. "చూశావా మరి! బాగున్నదాన్ని బాగుచెయ్యబోతే అంతే" అని ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

బెంగుళూరులో వున్న మా అబ్బాయిది ఇంకో పాట. "అమ్మా, నాన్న మాట విని ఆపేసేవు సుమా" అని ఫోన్లో ఒకటే హెచ్చరికలు. వాడి సాక్ష్యం 2017 నాటిది. విండోస్‌లో బయటపడ్డ ఒక కంతని పూడ్చడానికి మైక్రోసాఫ్టు వారు ఆ ఏడు మార్చి 14న అప్‌డేట్ ఇచ్చారు. మే 12న వానాక్రై అనే పురుగు సరిగ్గా ఆ కంతలోంచే దూరింది. 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్ళకి తాళాలు వేసి, తీయాలంటే 300 డాలర్లు కట్టమంది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకే ఆ పురుగు పట్టిందంటే ఇక మనబోటి వాళ్ళ మాటేమిటి! "తలుపు గడియ రెండు నెలల ముందే ఇంటికొచ్చిందమ్మా. బిగించుకోని వాళ్ళింట్లోనే దొంగలు పడ్డారు" అన్నాడు మావాడు.

తండ్రి చెప్పిందీ నిజమే, కొడుకు చెప్పిందీ నిజమే. అయితే ఆ కంప్యూటరు ముందు ఎక్కువసేపు కూర్చునేది నేనన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

శని, ఆదివారాల్లో పొద్దున ఆరున్నరకి నేను డల్లాసులో వున్న ఇద్దరు పిల్లలకి తెలుగు చెప్తాను. వాళ్ళకి అది ముందురోజు రాత్రి. పెద్దవాడు గుణింతాల్లో పడ్డాడు, చిన్నదానికి ఇంకా "ళ" పలకదు. వచ్చే డబ్బు గొప్పదేం కాదు. కానీ ఆ డబ్బుతోనే మా అమ్మ బి.పి. మాత్రలు కొంటున్నాను. దానికోసం ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. మా ఇంట్లో మాత్రం దీన్ని "అమ్మ కాలక్షేపం" అంటారు.

ఆ మధ్య ఒక శనివారం ఐదున్నరకే కూర్చుని పాఠం సిద్ధం చేసుకుంటున్నాను. పాలు పొంగుతాయని వంటింట్లోకి వెళ్ళాను. ఎలాగూ వెళ్ళాను కదా అని కుక్కరు పెట్టి, కాఫీ కలిపి వచ్చేసరికి తెరంతా మారిపోయింది. సున్నా తిరుగుతోంది. ఆరున్నర అయింది, ముప్ఫై శాతం దగ్గరే వుంది. అక్కడ పిల్లలు నిద్ర మొహాలతో నాకోసం ఎదురుచూస్తూ వుంటారు. చివరికి ఫోన్లోనే పాఠం చెప్పాను.

ఎందుకిలా అయిందో కనుక్కోవాలని ఆ సాయంత్రం మా అబ్బాయిని అడిగి ఒక్కొక్కటే తెరిచాను. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాంట్లో యాక్టివ్ అవర్స్. అంటే పనివేళలు. మనం ఆ గళ్ళలో రాసిన వేళల్లో యంత్రం తనంతట తాను ఆగి మళ్ళీ మొదలవదు. తక్కిన వేళల్లో ఎవరూ ముట్టుకోవడం లేదనిపిస్తే తన పని కానిచ్చుకుంటుంది. మరి మా ఇంటి గళ్ళలో ఏం రాసి వుందనుకున్నారు? పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు. మా ఆయన బ్యాంకు వేళలు! ఆయన రిటైరై మూడేళ్ళయింది.

యంత్రాన్ని అనుకుని ఏం లాభం? తెల్లవారుజామున ఈ ఇంట్లో పనిచేసే మనిషి ఒకత్తి వుందని దానికెవరూ చెప్పలేదు.

సరే, నా వేళలు రాద్దామని కూర్చున్నాను. లేచేది ఐదింటికి. గిన్నెలు సర్ది, పెరుగు తోడుపెట్టి పక్కమీదికి చేరేది పదకొండుకి. ఐదు నుంచి రాత్రి పదకొండు అని రాశాను. లెక్కపెడితే పద్దెనిమిది గంటలు. ఆ గళ్ళు ఒప్పుకునేది కూడా గరిష్ఠంగా పద్దెనిమిదేనట! ఇంకో గంట ఎక్కువ పనిచేసే ఇల్లాలు వుంటే ఆవిడ సంగతి యంత్రానికి కూడా అంతుపట్టదన్నమాట. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇన్ని గంటలా!" అన్నారు. నేనేమీ అనలేదు. ఆయన కాసేపు ఆ అంకెలవైపే చూస్తూ నిలబడ్డారు.

తరువాత తండ్రీ కొడుకుల తగవు కూడా నేనే తీర్చాను. మైక్రోసాఫ్టు వారు 2003 నుంచీ ముఖ్యమైన అప్‌డేట్లను నెలలో రెండో మంగళవారం విడుదల చేస్తున్నారు. మంగళవారం మనం కొత్త పని మొదలుపెట్టం గానీ వాళ్ళకా పట్టింపు లేదు. మనకప్పుడు రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. ఆ వారానికి పాజ్ నొక్కుతాను. అందులో ఏదైనా తిరకాసుంటే ఈలోగా బయటపడుతుందని మా ఆయనకి ధైర్యం. వారం కాగానే ఒక రాత్రి, కరెంటు నిలకడగా వుందని చూసుకుని, "అప్‌డేట్ అండ్ షట్ డౌన్" నొక్కి పడుకుంటాను. గడియ బిగిసిందని మా అబ్బాయికి నిశ్చింత. పాజ్ కూడా ఐదు వారాలకి మించి సాగదు. ఆ తరువాత వచ్చినవన్నీ వేసుకుంటేనే మళ్ళీ పాజ్ ఇస్తుంది. అదీ మంచిదే, బద్ధకానికి ఒక హద్దుండాలి కదా.

"మా కంప్యూటరు ఈ మధ్య అసలు విసిగించడం లేదు వదినా" అని మొన్న మా ఆడపడుచు మురిసిపోయింది. చూస్తే అది విండోస్ 10. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పొడిగింపుకి విడిగా పేరు నమోదు చేసుకున్న వాళ్ళకే ఆపైన వస్తాయి. విసిగించడం లేదంటే బాగున్నట్టు కాదమ్మా, పట్టించుకునే వాళ్ళు లేనట్టు అని చెప్పి, అందులో బ్యాంకు లావాదేవీలు ఆపించాను.

మీ ఇంట్లో కూడా కంప్యూటరుంటే ఈ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఓసారి ఆ యాక్టివ్ అవర్స్ తెరిచి చూడండి. అక్కడున్నవి ఎవరి వేళలో గమనించండి. మీవి కాకపోతే మార్చెయ్యండి. రెండు నిమిషాల పని. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.