వాన వేరు, పిడుగు వేరు

జూలైలో గోదావరి పెరిగినట్టే పర్ణశాల వైపు తల్లుల ఫోన్లూ పెరుగుతాయి: “టీచర్, వానలో పిల్లల్ని ఆడించకండి!”

ఆటల పాఠం చెప్పేటప్పుడు గోల్ఫ్ నియమాలు చదివాను. ఆటగాడు ఆట ఆపడానికి వాన ఒక్కటే కారణం కాదు. గొడుగు పట్టుకుని, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆడతారు. పిడుగు భయముంటే మాత్రం, 5.7వ నియమం ప్రకారం, ఎవరినీ అడగకుండా ఆపేయొచ్చు.

ఆ తేడా నాకు నచ్చింది. తడిస్తే తుడుచుకోవచ్చు, పిడుగుతో పంతం పనికిరాదు. చినుకులకు మా ఖోఖో ఆగదు. ఉరిమితే చెట్ల కిందికి కాదు, క్లాసులోకి పరుగెడతాం. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగుతాం.

బ్యాగులో తువ్వాలు, పొడి బట్టలు పెట్టండి. “ఉరిమితే ఏం చేస్తావు?” అని ఇంట్లోనూ అడగండి. సెలవు రోజు పొలం దగ్గర నేను ఉండను కదా!